గుమ్మం దగ్గర అడిగే ప్రశ్న



ఈ రోజుల్లో ఏదైనా వెబ్‌సైటులో సభ్యులుగా చేరాలన్నా, రైలు టిక్కెట్టు కొనాలన్నా, మనల్ని మొట్టమొదట అడిగేది మన పేరు కాదు, ఊరు కాదు. "నీవు మనిషివా, యంత్రానివా?" అని అడుగుతారు. వంకర టింకరగా గీసిన అక్షరాలు చూపించి అవి ఏమిటో టైపు చేయమంటారు. తొమ్మిది చిన్న బొమ్మలు చూపించి, వాటిలో బస్సులున్నవి ఏవో వేలితో తాకమంటారు. డెబ్బై ఏళ్లు బ్రతికి, బిడ్డలను పెంచి, మనుమలను ఎత్తుకున్న ఒక పెద్దమనిషి తెర ముందు కూర్చుని తాను మనిషినేనని రుజువు చేసుకోవలసి రావడం చూస్తే కొందరికి నవ్వు వస్తుంది, కొందరికి కోపం వస్తుంది.

అయితే ఇది నవ్వి ఊరుకోదగిన సంగతి కాదు. ఆ ప్రశ్న వెనుక న్యాయమైన కారణం ఒకటి ఉంది. ఆ ప్రశ్న వలన జరిగే అన్యాయమూ ఉంది. గుమ్మం దగ్గర నిలబడిన కావలివాడు వచ్చినవారిని ఏమి అడగవచ్చు? దొంగను ఆపే పేరుతో ఎంతమంది మంచివారిని వెనక్కి పంపవచ్చు? ఇది కంప్యూటరు చదువులు చదివినవారికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు. వేలూరు, గుడియాత్తం ప్రాంతాల్లో స్థిరపడి, పండుగకూ పెళ్లికీ సొంత ఊరికి రైలెక్కే మన తెలుగు కుటుంబాలకు కూడా చెందినదే. కనుక కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

ఈ ప్రశ్న ఎక్కడ పుట్టింది?

1950లో ఆలన్ ట్యూరింగ్ అనే ఆంగ్లేయ గణిత శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసం రాశారు. యంత్రం ఆలోచించగలదా అన్నది అందులోని ప్రశ్న. ఒక చోట మనిషిని, మరొక చోట యంత్రాన్ని కనబడకుండా ఉంచి, పరీక్షకుడు రాతపూర్వకంగా ప్రశ్నలు పంపి, జవాబులను బట్టి ఎవరు మనిషో, ఏది యంత్రమో కనిపెట్టాలి. అక్కడ పరీక్ష పెట్టినవాడు మనిషి, పరీక్షకు కూర్చున్నది యంత్రం. అర్ధ శతాబ్దం గడిచేసరికి ఈ వరుస తలక్రిందులైంది. ఇప్పుడు పరీక్ష పెట్టేది యంత్రం, పరీక్షకు కూర్చునేది మనిషి.

ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి ఒక ఉదాహరణ చాలు. 1999 నవంబరులో అమెరికాలో స్లాష్‌డాట్ అనే వెబ్‌సైటు, కంప్యూటరు శాస్త్రంలో పై చదువులకు ఏ విశ్వవిద్యాలయం మేలైనదో చెప్పమని పాఠకుల ఓట్లు అడిగింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు తమ సంస్థకు వేలకొద్దీ ఓట్లు తనంతట తానే వేసే ప్రోగ్రామును తయారు చేశారు. అది చూసి ఎం.ఐ.టి. విద్యార్థులు కూడా అదే పని చేశారు. చివరికి ఎం.ఐ.టి.కి 21,156 ఓట్లు, కార్నెగీ మెలన్‌కు 21,032 ఓట్లు పడ్డాయి. మిగిలిన ఏ సంస్థకూ వెయ్యి ఓట్లు కూడా రాలేదు. నిజమైన మనుషులు వేసిన ఓట్లు ఆ కుప్ప క్రింద నలిగిపోయాయి.

ఇంచుమించు అదే కాలంలో యాహూ సంస్థ ఉచితంగా ఇచ్చే ఈమెయిలు ఖాతాలను యంత్రాలు వేలకొద్దీ తెరిచి, వాటి నుండి పనికిమాలిన ప్రకటనలను లోకమంతటికీ పంపుతుండేవి. దీనికి విరుగుడుగా కార్నెగీ మెలన్‌లోని ఆచార్యుడు మాన్యుయెల్ బ్లమ్, ఆయన శిష్యుడు లూయిస్ వాన్ ఆన్, వారి సహచరులు ఒక పరీక్షను రూపొందించి, దానికి క్యాప్చా అని పేరు పెట్టారు. 2003లో దానిని గురించి శాస్త్రీయ వ్యాసం ప్రచురించారు. మనిషి సులువుగా చేయగలిగినదీ, యంత్రానికి చేతకానిదీ అయిన పనిని గుమ్మం దగ్గర పెట్టడమే అందులోని ఉపాయం. ఆ రోజుల్లో చెరిపి మెలితిప్పిన అక్షరాలను యంత్రం చదవలేకపోయేది. అప్పటికి ఆ ఉపాయం మంచిదే.

కాట్పాడి ప్రయాణికుల మాట

ఇక మన దగ్గరికి వద్దాం. వేలూరుకు పెద్ద స్టేషను కాట్పాడి. అక్కడ దిగేవారిలో, ఎక్కేవారిలో చాలామంది రోగులు, వారి వెంట వచ్చినవారు. క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి బెంగాలు నుండి, జార్ఖండ్ నుండి, ఈశాన్య రాష్ట్రాల నుండి, మన చిత్తూరు నెల్లూరు జిల్లాల నుండి జనం వస్తారు. తిరిగి వెళ్లే తేదీ వారి చేతిలో ఉండదు. డాక్టరు ఇంటికి పొమ్మన్న రోజే వారికి ప్రయాణం రోజు. రెండు నెలల ముందు టిక్కెట్టు తీసుకోవడం వారికి కుదరదు. ఇటువంటి అత్యవసరాల కోసమే రైల్వేవారు 1997లో తత్కాల్ అనే ఏర్పాటు చేశారు. ప్రయాణానికి ముందు రోజు ఉదయం పది గంటలకు ఏ.సి. తరగతులకు, పదకొండు గంటలకు మిగిలిన తరగతులకు ఆ టిక్కెట్లు ఇస్తారు.

ఈ తలుపు తెరిచిన మొదటి నిమిషాల్లో ఏమి జరుగుతుండేదో రైల్వే మంత్రిత్వ శాఖ 2025 జూనులో ప్రకటించింది. తత్కాల్ మొదలైన మొదటి అయిదు నిమిషాల్లో ఖాతాల్లోకి ప్రవేశించడానికి జరిగే ప్రయత్నాలలో సగం వరకు యంత్రాలవే. రోగి అన్నగారు ఫోనులో ఒక్కొక్క అక్షరమూ వెతుక్కుంటూ పేరు, వయస్సు టైపు చేస్తుండగానే, దళారి దగ్గరున్న ప్రోగ్రాము ముందుగా నింపి ఉంచిన పేర్లను కన్నుమూసి తెరిచేలోగా పంపి, డబ్బు కట్టి, సీట్లు తీసుకుపోతుంది. ఆ తర్వాత అదే సీటు ఎక్కువ ధరకు అదే రోగికి అమ్ముడవుతుంది.

దీనికి మూలం దొంగ ఖాతాలలో ఉంది. ఒక ఖాతాకు నెలకు ఇన్ని టిక్కెట్లే అని రైల్వేవారు హద్దు పెట్టారు. 2022 జూనులో ఆ హద్దును ఆధార్ జతచేయని ఖాతాకు 12 టిక్కెట్లకు, జతచేసిన ఖాతాకు 24 టిక్కెట్లకు పెంచారు. ఒక్క ఖాతాతో వ్యాపారం సాగదు గనుక, దళారి వందల ఖాతాలు తెరుస్తాడు. ఒక్కరోజు పనిచేసి మాయమయ్యే ఈమెయిలు చిరునామాలతో, ఎవరివో పేర్లతో, యంత్రం ఖాతాల మీద ఖాతాలు తెరుస్తుంది. ఇటువంటి అనుమానాస్పదమైన ఖాతాలను రెండున్నర కోట్లకు పైగా మూసివేశామని 2025లో ప్రభుత్వం చెప్పింది. కావలివారి ఇంట్లోనే కన్నం పడిన సందర్భమూ ఉంది. తత్కాల్ టిక్కెట్లను అక్రమంగా లాగే ప్రోగ్రామును తయారు చేశాడన్న ఆరోపణ మీద 2017 డిసెంబరులో సీబీఐ తన సొంత కార్యాలయంలో పనిచేసే ప్రోగ్రామరునే అరెస్టు చేసింది.

2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు కూడా గమనించదగినది. కేరళలో ఒకరు వందల కొద్దీ దొంగ ఖాతాలు తెరిచి రైలు టిక్కెట్లు అమ్మారన్నది ఆ కేసులోని ఆరోపణ. 1989 నాటి రైల్వే చట్టం వచ్చేనాటికి ఇంటర్నెట్టులో టిక్కెట్లు లేవు గదా, ఆ చట్టం దీనికి వర్తించదని వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. అనుమతి లేకుండా టిక్కెట్ల వ్యాపారం చేయడాన్ని శిక్షించే 143వ సెక్షను కౌంటరు టిక్కెట్టుకూ, ఇంటర్నెట్టు టిక్కెట్టుకూ ఒకే విధంగా వర్తిస్తుందని చెప్పింది. ఆ సెక్షను క్రింద మూడేళ్ల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

కనుక దొంగ ఖాతా ఎవరికీ నష్టం లేని కొంటె పని కాదు. ఎవరి జేబులోనూ చెయ్యి పెట్టకుండా, వరుసలో నిలబడినవారి వంతును దొంగిలించడం అది. తలుపుకు కావలి ఉండవలసిందే. ఇంతవరకు ఎవరికీ భేదాభిప్రాయం ఉండదు.

తలుపు బయట మిగిలిపోయినవారు

ఇప్పుడు రెండవ వైపు చూద్దాం. కావలివాడు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పలేక బయట నిలిచిపోయేవారు ఎవరు?

మొదటివారు చూపులేనివారు. వారు తెర మీది మాటలను బిగ్గరగా చదివి వినిపించే ప్రోగ్రాము సహాయంతో కంప్యూటరు వాడతారు. మెలితిప్పిన అక్షరాన్ని ఆ ప్రోగ్రాము చదవలేదు. చదవగలిగితే దొంగ యంత్రమూ చదవగలదు గదా! ఈ సంగతిని వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ 2005లోనే హెచ్చరికగా ప్రచురించింది. ఇంకా, చూపు మందగించిన వృద్ధులు, ఇంగ్లీషు అక్షరాలు అంతగా రానివారు, వణికే చేతులవారు, పగిలిన తెరతో పాత ఫోను వాడేవారు కూడా ఈ వరుసలో ఉంటారు.

దొంగ యంత్రాలైనా ఆగాయా అంటే అదీ లేదు. 2010లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని శాన్ డియాగో పరిశోధకులు ఒక వ్యాపారాన్ని పరిశీలించారు. యంత్రానికి అర్థం కాని పరీక్షలను భారతదేశం, చైనా వంటి దేశాల్లోని పేద కూలీలకు పంపి, వారి చేత జవాబులు రాయించుకునే వ్యాపారం అది. వెయ్యి పరీక్షలకు వచ్చే ధర సుమారు ఒక డాలరు, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ. అంటే డబ్బున్న దొంగకు తలుపు తెరుచుకుంటుంది. 2023లో ఇర్వైన్ పరిశోధకులు ప్రచురించిన మరొక అధ్యయనం ప్రకారం ఈ పరీక్షలలో యంత్రాలు మనుషుల కంటే వేగంగానూ, తప్పులు లేకుండానూ నెగ్గుతున్నాయి. పరీక్ష తలక్రిందులైంది. తప్పు చేసేవాడే మనిషి, తడుముకోకుండా జవాబు చెప్పేది యంత్రం.

అదే 2023 మార్చిలో ఓపెన్ ఏఐ సంస్థ తన జీపీటీ-4 యంత్రాన్ని గురించిన నివేదికలో ఒక ప్రయోగాన్ని వివరించింది. క్యాప్చాను దాటడానికి ఆ యంత్రం కూలికి పనిచేసే ఒక మనిషి సహాయం అడిగింది. ఆ మనిషి సరదాకు, "నీవు రోబోట్‌వా ఏమి?" అని అడిగితే, తనకు చూపు సరిగా లేదనీ, బొమ్మలు కనబడవనీ యంత్రం బొంకింది. ఆ మనిషి నమ్మి సహాయం చేశాడు. ఇది ప్రయోగమే అయినా మనస్సును కలచివేస్తుంది. గుడ్డివాని కోసం మనం తెరిచి ఉంచిన చిన్న తలుపును గుడ్డివాని పేరు చెప్పుకొని యంత్రం దాటింది. దీని వలన కలిగే పెద్ద నష్టం ఏమంటే, రేపు నిజంగా చూపులేని మనిషి వచ్చి సహాయం అడిగినా జనం అనుమానించడం మొదలుపెడతారు.

తత్కాల్ విషయంలో ప్రభుత్వం వేరే దారి పట్టింది. 2025 జూలై 1 నుండి ఆధార్‌తో రుజువు చేసుకున్న ఖాతాదారులకే ఇంటర్నెట్టులో తత్కాల్ టిక్కెట్లు ఇవ్వాలని, తలుపు తెరిచిన మొదటి అరగంట ఏజెంట్లను రానివ్వకూడదని నిర్ణయించింది. దొంగ పేర్ల మీద ఇది గట్టి దెబ్బ. అయినా దీనికీ ఒక బయటి వరుస ఉంది. ఆధార్ రహస్య సంఖ్య ఆధార్‌లో నమోదైన ఫోనుకే వస్తుంది. ఊరు విడిచి వచ్చిన వలస కుటుంబాల్లో ఆ పాత నంబరు ఎప్పుడో పోయి ఉండవచ్చు. పొరుగు దేశం నుండి వైద్యానికి వచ్చిన రోగికి ఆధారే ఉండదు. వేలిముద్రలతో గుర్తించే చోట మరొక చిక్కు. గుడియాత్తం చుట్టుపక్కల బీడీలు చుట్టే తల్లులను, మగ్గం మీద లుంగీలు నేసేవారిని, ఆంబూరు వైపు తోళ్ల పనివారిని తలచుకోండి. ఏళ్ల తరబడి పని చేసిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. కష్టపడి పనిచేసినందుకే యంత్రం వారిని గుర్తుపట్టదు. కంటిపాపతోనో, ఫోనుకు వచ్చే సంఖ్యతోనో గుర్తించే ప్రత్యామ్నాయాలు ఉన్నాయి; అయితే వాటిని చూపించి చేయించేవాడు ఒకడు దగ్గర ఉండాలి.

లెక్క కూడా ఒకసారి చూడండి. రెండున్నర కోట్ల ఖాతాలు మూసినప్పుడు నూటికి ఒక్కటి పొరపాటున మూతపడిందనుకున్నా, రెండున్నర లక్షలమంది నిజమైన మనుషులు బయట నిలబడినట్లే. "తొంభై తొమ్మిది శాతం సరిగానే చేశాం" అని కావలివాడు సంతోషించవచ్చు. బయట నిలిచిన మనిషికి మాత్రం తన అన్యాయం నూటికి నూరు పాళ్లూ అన్యాయమే.

రేవు దగ్గర ఒక మాట

గుమ్మం దగ్గర మాటతో పరీక్షించడం కొత్త కాదు. న్యాయాధిపతుల గ్రంథం పన్నెండవ అధ్యాయం మీకు తెలిసినదే. యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు కాపు కాసి, దాటవచ్చిన ప్రతివానినీ షిబ్బోలెతు అనే మాట పలకమన్నారు. ఎఫ్రాయిమువారికి ఆ 'ష'కారం నోరు తిరగక సిబ్బోలెతు అన్నారు. ఆ ఒక్క అక్షరం తేడా మీద ప్రాణాలు పోయాయి. ఆ కాలమున 42,000 మంది కూలారని అక్కడ రాయబడి ఉంది.

ఆ పరీక్ష దేనిని తూచింది? రేవు దాటుతున్నవాడు ఏమి చేయబోతున్నాడో తూచలేదు. అతడు ఏ ఊళ్లో పుట్టాడో, ఏ తల్లి దగ్గర మాటలు నేర్చాడో మాత్రమే తూచింది. సరిహద్దు జిల్లాలో బ్రతికే మనకు ఇది బాగా అర్థమవుతుంది. తమిళ్ అనే మాట చివరనున్న అక్షరమే తెలుగు నోటికి అంత సులువుగా పట్టుబడదు. ఆ అక్షరం సరిగా పలికినవారికే వీధి కుళాయి దగ్గర బిందె నింపుకోనిస్తామని ఒకప్పుడు ఎవరైనా అని ఉంటే, మన తాతలు ఎన్నాళ్లు దాహంతో ఉండేవారు!

గుమ్మం దగ్గర పరీక్ష ఎంత గట్టిదైనా లోపలి క్షేమానికి అది హామీ కాదన్న సంగతిని మన వేలూరు కోట చెబుతుంది. చుట్టూ లోతైన అగడ్త, ఎత్తైన గోడలు. అయినా 1806 జూలై 10 తెల్లవారుజామున తిరుగుబాటు బయటనుండి రాలేదు. లోపల కొలువులో ఉన్న సిపాయిలే లేచారు. గడ్డాలు, నుదుటి బొట్లు, తలపాగాలు మార్చుకోవాలని పైవారు పెట్టిన ఆజ్ఞలు అందుకు ఒక ముఖ్య కారణం. తప్పొప్పుల సంగతి చరిత్రకారులకు వదిలినా, మనుషుల పై గుర్తులను దిద్దినంత మాత్రాన వారి మనస్సు తెలియదన్నది స్పష్టం.

అసలు తప్పు ఎక్కడుంది?

ఇక్కడ మనం ఒక మెట్టు ముందుకు వెళ్లి అడగాలి. దొంగ ఖాతాలో తప్పు ఏమిటి? యంత్రం వాడడమే తప్పా? చూపులేని సోదరికి తెర చదివి పెట్టేదీ యంత్రమే. చేతులు వణికే తండ్రిగారికి మనుమడు ఏర్పాటు చేసిన ప్రోగ్రాము పేరు, వయస్సు తానే నింపితే అందులో పాపమేమీ లేదు. మరోవైపు, కేరళ కేసులో వందల ఖాతాలు తెరిచారన్న ఆరోపణ ఉన్నది మనిషి మీద. "నీవు మనిషివా?" అని అడిగితే అతడు ధైర్యంగా అవునని చెప్పగలడు. కనుక ఆ ప్రశ్న గురి తప్పిన ప్రశ్న.

తప్పు యంత్రం కావడంలో లేదు, లెక్కలో ఉంది. ఒక్కడు వందమందిగా నటించి, వందమంది వంతు తీసుకోవడమే అసలు దోషం. స్లాష్‌డాట్ ఓట్లలోనూ అదే, యాహూ ఖాతాలలోనూ అదే, కాట్పాడి సీట్లలోనూ అదే. కాబట్టి కావలివాడు అడగవలసిన న్యాయమైన ప్రశ్న "నీవు ఏమిటి?" అన్నది కాదు. "నీవు ఎంతమంది వంతు తీసుకుంటున్నావు?" అన్నది.

ఇది మాటల గారడీ కాదు. ప్రశ్న మారితే తలుపు కట్టే తీరే మారుతుంది. ఉదాహరణకు, మనిషి కంటికి కనబడని ఒక గడిని దరఖాస్తులో దాచి ఉంచవచ్చు. మనిషి దానిని నింపడు. కనిపించిన ప్రతి గడినీ నింపుకుంటూ పోయే యంత్రం దానినీ నింపి దొరికిపోతుంది. తెర చదివి వినిపించే ప్రోగ్రాము వాడేవారి కోసం "దీనిని ఖాళీగా వదలండి" అని అందులో రాసి ఉంచితే చాలు. రెండు సెకన్లలో పూర్తయిన దరఖాస్తును పక్కన పెట్టవచ్చు. ఒకే చోటు నుండి గంటకు ఇన్నే అని హద్దు పెట్టవచ్చు. 1992లో సింథియా డ్వర్క్, మోనీ నావోర్ అనే శాస్త్రజ్ఞులు మరొక మార్గం చెప్పారు. పంపే ప్రతిసారీ కంప్యూటరు చేత ఒక చిన్న లెక్క చేయించడం. రేవులో పడవకు ఒక కాసు తీసుకున్నట్టు అది. ఒక్కసారి దాటేవానికి అది భారమే కాదు. పది లక్షల సార్లు దాటాలనుకున్నవాడు దివాలా తీస్తాడు. వీటన్నిటిలో శ్రమ కావలివానిది, లేదా ఆశపోతుది. వచ్చిన అతిథికి శ్రమ తక్కువ.

దీనికి రెండు ఆక్షేపణలు ఉన్నాయి, రెండూ న్యాయమైనవే. మొదటిది: వలసవచ్చినవారు, పేదవారు ఒకే ఫోనును పదిమంది వాడతారు. ఆసుపత్రి దగ్గరి లాడ్జిలో పనిచేసే కుర్రవాడు చదువురాని ఇరవైమంది రోగులకు మేలుకోరి టిక్కెట్లు తీసి పెట్టవచ్చు. లెక్క మాత్రమే చూస్తే అతడూ దళారిలాగే కనబడతాడు. రెండవది: లెక్క పెట్టాలంటే మనిషిని గుర్తుపట్టాలి, గుర్తుపట్టాలంటే కాగితాలు అడగాలి, లేదా అతడి ప్రతి కదలికనూ కనిపెట్టి ఉండాలి. ఈ రెండవ పని ఎవరికీ తెలియకుండా చేసే ప్రోగ్రాములు ఇప్పుడు చాలా ఉన్నాయి. తలుపు దగ్గర ప్రశ్న అడగడం మాని, వీధి పొడవునా వెంబడించడం మర్యాద కాదు.

ఈ ఆక్షేపణలకు జవాబు మన సంఘాల పాత అలవాటులో కొంత దొరుకుతుంది.

రావడం వేరు, లెక్కలో చేరడం వేరు

ఒక కుటుంబం ఊరు మారినప్పుడు పాత సంఘం నుండి బదిలీ ఉత్తరం తెచ్చుకుంటుంది. కొత్త సంఘం వారు ఆ ఉత్తరాన్ని చదివి, సభ్యుల కూటంలో వారిని చేర్చుకుంటారు. ఇక్కడ వచ్చినవారికి పరీక్ష లేదు; వారిని ఎరిగినవారు తమ పేరు పెట్టి సాక్ష్యం చెబుతారు. అబద్ధ సాక్ష్యమైతే రాసినవారి పరువు పోతుంది గనుక జాగ్రత్తగా రాస్తారు. ఇది చాలా బలమైన కావలి. అయితే ఎవరూ ఎరుగనివాడు, ఉత్తరం తేలేనివాడు వస్తే ఏమి చేస్తారు? ఆదివారం ఉదయం గుమ్మంలో ఆపి ఉత్తరం అడుగుతారా? అడగరు. లోపలికి రమ్మని చాప వేస్తారు. వింటాడు, పాడతాడు, అందరితో కలిసి భోజనం చేస్తాడు. ఓటు వేయడం, బాధ్యతలు తీసుకోవడం, డబ్బు పెట్టె తాళం పట్టుకోవడం మాత్రం తర్వాత, అతడి నడత తెలిసిన మీదట.

ఈ పద్ధతిలో ఒక గొప్ప వివేకం ఉంది. తలుపు బరువు లోపలి వస్తువును బట్టి ఉండాలి. వినడానికి, పలకరించడానికి వచ్చినవానికి తలుపు తేలికగా ఉండాలి. ఒకరు తీసుకుంటే మరొకరికి లేకుండాపోయే వస్తువు దగ్గర, అంటే రైలు సీటు, రేషను బియ్యం, ఓటు వంటివాటి దగ్గర, కావలి గట్టిగా ఉండవచ్చు, కాగితాలు అడగవచ్చు. తత్కాల్ గుమ్మంలో ఆధార్ అడగడాన్ని ఈ కొలతతో సమర్థించవచ్చు. ఊరివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి పెట్టుకున్న చోట చేరబోయే ముసలమ్మను కూడా అవే కాగితాలు అడిగితే మాత్రం అది అతి.

కావలి గట్టిగా ఉన్న ప్రతిచోటా పక్కన ఒక చిన్న తలుపు, దాని దగ్గర ఒక మనిషి ఉండాలి. రైల్వే స్టేషనులో ఇప్పటికీ ఉన్న కౌంటరు కిటికీ అటువంటిదే. లాడ్జి కుర్రవాడు ఎవరో, దళారి ఎవరో, అరిగిన వేళ్ల తల్లి ఎవరో యంత్రానికి తెలియకపోవచ్చు. రెండు మాటలు మాట్లాడిన మనిషికి తెలుస్తుంది. ఆ చిన్న తలుపును కూడా మోసగాళ్లు వాడుకుంటారు, నిజమే. అందువలన అక్కడ ఇంకా మెలకువగల మనిషిని ఉంచాలి గాని దానిని మూయకూడదు. దొంగలకు భయపడి ఆ చిన్న తలుపును మూస్తే, దొంగ వేరే దారి వెతుక్కుంటాడు. గుడ్డివానికి మాత్రం వేరే దారి లేదు.

మనము చేయదగినవి

సంగతి మన చేతుల్లో లేనంత పెద్దదిగా కనబడుతుంది గాని, కొంత మన చేతిలోనే ఉంది.

మొదటిది, ఎవరో ప్రత్యేకమైన ప్రోగ్రాముతో తప్పక సీటు తీసి ఇస్తానంటే ఆశపడవద్దు. ఆ సీటు ఎవరి వంతు నుండి వచ్చిందో ఆలోచించాలి. పండుగకు ఇంటికి వెళ్లాలన్న మన తొందర, డాక్టరు పొమ్మన్న రోగి అవసరం కన్నా పెద్దది కాదు.

రెండవది, చదువుకొన్న యౌవనస్థులు నెలకొక ఆదివారం ఒక గంట పెద్దల కోసం కేటాయించవచ్చు. ఆధార్‌లో ఉన్న ఫోను నంబరు పాతదైతే మార్పించడానికి తోడు వెళ్లవచ్చు. రైలు ఖాతా లేనివారికి వారి సొంత పేరుతో, వారి సమక్షంలో ఖాతా తెరిచి, రహస్య పదాన్ని వారి చేతికే ఇవ్వవచ్చు. అందరి ఖాతాలూ ఒక్కరి ఫోనులో పెట్టుకోవడం మంచిది కాదు. మేలుకోరి చేసినా అది దళారి పద్ధతికి దారి తీస్తుంది.

మూడవది, ఏ సంఘమైనా, సమాజమైనా సొంతంగా వెబ్‌సైటు నడుపుతుంటే, కార్యదర్శి గారు ఒక పని చేయాలి. నెలకు ఎన్ని దొంగ ఖాతాలు ఆపామన్న లెక్కతో పాటు, చేరాలని వచ్చి చేరలేక తిరిగిపోయినవారు ఎందరన్న లెక్క కూడా అడగాలి. మొదటి లెక్క యంత్రమే చెబుతుంది. రెండవది తెలియాలంటే ఫోను చేయడానికి ఒక నంబరు, ఎత్తి మాట్లాడడానికి ఒక మనిషి ఉండాలి. ఆ నంబరు మొదటి పేజీలోనే, పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఉండాలి.

కావలివాని పనితనాన్ని మనం ఇన్నాళ్లూ అతడు ఆపినవారి సంఖ్యతో కొలిచాం. ఇక మీదట అతడు గుర్తుపట్టి లోపలికి తీసుకొనివచ్చిన వారి సంఖ్యతో కూడా కొలుద్దాం.